దొరగారి రెండో చుక్క

పశువుల ఆసుపత్రిలో ఆయన ఇరవై ఏడేళ్ళుగా కాంపౌండరు. మొదటి పదిహేనేళ్ళూ అందరూ కాంపౌండరు గారనే పిలిచారు. ఆ తరవాత నుంచి గళ్ళ కాంపౌండరు అంటున్నారు. చాటుగా మొదలైన పేరు ఎదురుగానే అనేదాకా వచ్చింది. ఆయనకి ముక్కు మీదే కోపం గానీ, ఈ పేరు మీద మాత్రం లేదు. ఎవరైనా కొత్తవాళ్ళు "గళ్ళ కాంపౌండరంటే మీరేనా?" అని అడిగితే చాలు, చొక్కా జేబులోంచి పెన్ను బయటికి వచ్చేస్తుంది.

ఆ పేరు రావడానికి కారణం ఒక అమ్మాయి. పశువైద్యం చదువుతూ, ఆఖరి ఏడాదిలో పని నేర్చుకోవడానికి ఈ ఆసుపత్రికి వచ్చి ఆరు నెలలుంది. వాన పడి ఒక్క పశువూ రాని ఒక మధ్యాహ్నం మందుల గదిలో కూర్చుని, నులిపురుగుల మాత్రల ఖాళీ డబ్బా విప్పి, దాని లోపలివైపు ఒక చదరం గీసింది. మధ్యలో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. నాలుగు గళ్ళు.

"ప్రతి కుందేలుకీ రంగు గురించి రెండు చీటీలుంటాయి అనుకోండి కాంపౌండరు గారూ. ఒకటి తండ్రి ఇచ్చింది, ఒకటి తల్లి ఇచ్చింది. మళ్ళీ తనకి పిల్లలు పుట్టేటప్పుడు ఆ రెండింట్లో ఏదో ఒకటే పిల్లకి ఇస్తుంది. తండ్రి చీటీలు రెండూ చదరం పైన రాయండి. తల్లివి పక్కన రాయండి. ఇప్పుడు గళ్ళు నింపండి. పిల్లలు ఎన్ని రకాలుగా పుట్టొచ్చో కనబడుతుంది," అంది.

ఆ అమ్మాయి చీటీలకి ఇంగ్లీషు పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ రాసింది. ఆయనకి అవి కొరుకుడుపడలేదు. మర్నాటికల్లా తన పద్ధతి తాను కనిపెట్టుకున్నాడు. నలుపు చీటీకి నిండు చుక్క, తెలుపు చీటీకి ఖాళీ సున్నా. రెండు చుక్కలుంటే కుందేలు నల్లగా ఉంటుంది. చుక్కా సున్నా ఉన్నా నల్లగానే ఉంటుంది, చుక్క సున్నాని కప్పేస్తుంది కనక. రెండూ సున్నాలైతేనే తెలుపు. కప్పేసినంత మాత్రాన సున్నా ఎక్కడికీ పోదు. నల్ల కుందేలు లోపల నోరు మూసుకుని కూర్చుని, పిల్లల్లో బయటపడుతుంది.

అది తెలిసిన రోజున ఆయన అన్నం సరిగ్గా తినలేదు. అప్పటికి పదిహేనేళ్ళుగా దూడల్నీ కుక్కపిల్లల్నీ చేతులతో అందుకుంటున్నాడు. పుట్టినదాన్ని చూసి ఆశ్చర్యపోవడమే తప్ప, పుట్టకముందు కూర్చుని ఆలోచించవచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు. బడి మధ్యలో మానేసిన మనిషికి, తనకీ అందేంత ఎత్తులో ఒక శాస్త్రం ఉందని తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇంటికెళ్ళి భార్యకి మూడుసార్లు గీసి చూపించాడు. మూడోసారి ఆవిడ, "అర్థమైందండీ, ఇక చేతులు కడుక్కోండి," అంది.

అప్పట్నుంచి మందు పొట్లం కట్టిన ప్రతి కాగితం మీదా గళ్ళే. కుక్కలవాళ్ళు వచ్చినా, పావురాలవాళ్ళు వచ్చినా, పశువుకి సూది పడుతుండగానే పిల్లల సంగతి తేలిపోయేది. ఒకసారి ఉత్సాహం ఎక్కువై, భార్య తరఫు చుట్టాల పెళ్ళిలో పెళ్ళికొడుకు ముక్కుకీ పెళ్ళికూతురి ముక్కుకీ గళ్ళు గీసి, పుట్టబోయే పిల్లల ముక్కులు ప్రకటించాడు. పెళ్ళికొడుకు తల్లి రెండేళ్ళు వీళ్ళింటి గడప తొక్కలేదు. గళ్ళు జంతువులకే గానీ మనుషులకి కాదని ఇంట్లో ఆ రోజే చట్టం వచ్చింది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆయన, భార్య, భార్య తమ్ముడు. ఈ తమ్ముణ్ణి వీధిలో నిదానం అంటారు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. నాలుగు చోట్ల పనిలో చేరాడు, నాలుగు చోట్లా నిదానమని మానిపించారు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి మిగతావాళ్ళకి పట్టే టైములో సగం బొత్తాలు పెట్టుకుంటాడు. కానీ పెట్టుకున్న బొత్తాం ఊడదు. అతను ఆరేళ్ళ క్రితం అక్క దగ్గరికి వచ్చేసరికి, కాంపౌండరు ఇంటి వెనక రేకుల షెడ్డులో పదకొండు గూళ్ళు కట్టి కుందేళ్ళు పెంచడం మొదలుపెట్టి ఉన్నాడు. గళ్ళల్లో వేసిన లెక్క ప్రాణమున్న కుందేళ్ళలో చూడకపోతే ఆయనకి తోచదు మరి. ఆసుపత్రి పని వల్ల వాటిని చూసుకునే తీరిక మాత్రం ఉండేది కాదు.

"ఒరేయ్ బామ్మర్దీ, వీటిని చూసుకుంటావా?" అని అడిగాడు.

నిదానం చాలాసేపు గూళ్ళకేసి చూసి, "ఇవి తొందరపెట్టవు కదా బావా," అన్నాడు.

అంతే, షెడ్డు అతనిదైపోయింది. గడ్డి కొయ్యడం, నీళ్ళ గిన్నెలు తోమడం, గూళ్ళ కింద రేకులు కడగడం అన్నీ అతనే. ప్రతి గూటికీ తలుపు వేశాక రెండు వేళ్ళతో ఒకసారి లాగి చూస్తాడు. పదకొండు తలుపులు, పదకొండుసార్లు. అతని అడుగు వినబడితే కుందేళ్ళన్నీ జాలీ దగ్గరికి వచ్చి నిలబడేవి. బావగారు వెళ్తే అవి వెనక్కి పోయి మూల నక్కేవి. బావకి ఇందులో కొంచెం అసూయ ఉందని ఆయన భార్య అనేది, అబద్ధం కాదు.

ఆ పదకొండింట్లో పెద్దపీట ఒక నల్ల మగకుందేలుది. దాని పేరు దొరగారు. ఎవరో ఆసుపత్రిలో వదిలేసి వెళ్తే కాంపౌండరు తెచ్చుకున్నాడు. తల్లిదండ్రులెవరో తెలీదు కనక, పైకి నలుపే అయినా లోపల చుక్కలు రెండా, చుక్కా సున్నానా అన్నది తేల్చుకోవాలి. అందుకు పద్ధతి ఉంది. దూది అనే తెల్ల ఆడకుందేలుతో దాన్ని కలిపాడు. దూదివి రెండూ సున్నాలే, ఏ పిల్లకైనా సున్నాయే ఇస్తుంది. కాబట్టి దొరగారిలో సున్నా దాక్కుని ఉంటే తెల్ల పిల్ల పుట్టి గుట్టు బయటపెడుతుంది. పిల్లలు పుట్టాయి. వారం తిరిగేసరికి ఐదు పిల్లలూ తారులా నిగనిగలాడుతూ కనబడ్డాయి.

"ఆరు పుట్టాయి బావా. మూడో రోజున ఒకటి పోయింది," అన్నాడు నిదానం.

"పోయినదాని సంగతి ఇప్పుడెందుకురా, ఉన్నవాటిని చూడు. ఐదుకి ఐదూ నలుపే," అన్నాడు కాంపౌండరు.

నిదానం ఇంకేదో చెప్పబోయి ఊరుకున్నాడు. ఇలాంటి పరీక్షలో ఎనిమిది పిల్లల్నైనా చూడందే తేల్చకూడదని ఆ చదువుకునే అమ్మాయి ఎప్పుడో చెప్పింది. కానీ ఐదు చూశాక ఆయనకి ఆగబుద్ధి కాలేదు. దొరగారి గూటికి వేలాడే పలక మీద సుద్దతో రెండు నిండు చుక్కలు పెట్టాడు. రెండో చుక్కని వేలితో గుండ్రంగా దిద్ది, వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాడు.

ఆ తరవాత దొరగారిని పెద్దకోడలు అనే నల్ల ఆడకుందేలుతో కలిపారు. పెద్దకోడలి తల్లి తెల్లది, అందుకని దానికి చుక్కా సున్నా అని ఖాయంగా తెలుసు. అయినా తండ్రివి రెండూ చుక్కలైతే నాలుగు గళ్ళలోనూ చుక్క పడి తీరుతుంది. అన్నీ నల్లవే పుట్టాలి. కాంపౌండరు ఈ మాట ఆసుపత్రిలో అందరికీ చెప్పాడు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మకైతే కాగితం మీద గీసి చేతిలో పెట్టి మరీ చెప్పాడు. పిల్లలు పుట్టిన పదో రోజున ఆవిడ్ని ఇంటికి రమ్మని పిలిచాడు. తను ఒక్కసారి ముందుగా చూసుకుంటే పోయేది. కానీ డాక్టరమ్మతో కలిసే చూడాలని పంతం పట్టి, పది రోజులూ ఆ గూటివైపు వెళ్ళలేదు. నిదానం రెండుసార్లు "బావా, ఒకసారి వచ్చి చూడు," అంటే, "ఇప్పుడే కాదురా," అని నవ్వాడు.

డాక్టరమ్మ వచ్చింది. ఆవిడతో పాటు ఆసుపత్రి అటెండరూ, పక్కింటి టైపు మాస్టారూ వచ్చారు. కాంపౌండరు గూటి తలుపు తీశాడు. తల్లి పీక్కుని పరిచిన బొచ్చు మధ్యలో ఆరు నల్ల పిల్లలు, వాటి మీద అడ్డంగా పడుకుని ఒక తెల్ల పిల్ల.

"ఏంటి కాంపౌండరు గారూ, మీ గళ్ళలోంచి ఒకటి జారిపడ్డట్టుందే," అని డాక్టరమ్మ నవ్వింది. మంచి మనిషే, మామూలుగానే నవ్వింది. "మగదాన్ని సరిగ్గా పరీక్షించారా? ఎన్ని పిల్లల్ని చూశారు?"

"ఐదండీ. ఐదుకి ఐదూ నలుపే."

"ఐదేనా?" అందావిడ.

కాంపౌండరుకి తల కొట్టేసినట్టయింది. పన్నెండేళ్ళుగా సంపాదించుకున్న పేరు ఆ ఒక్క మాటతో పోతున్నట్టనిపించింది. ఆయన కళ్ళు పక్క గూటిమీద పడ్డాయి. అందులో తెల్ల మగకుందేలు ఉంది.

"గళ్ళు తప్పవండీ. పక్క గూటి తెల్లది ఇందులోకి దూరి ఉంటుంది. మా బామ్మర్ది తలుపు వెయ్యడం మర్చిపోయినట్టున్నాడు," అన్నాడు.

నిదానం గడ్డి కట్టతో అక్కడే ఉన్నాడు. కట్ట కింద పెట్టి, "నేను తలుపు వేశాను బావా," అన్నాడు.

"వేస్తే ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందిరా? గళ్ళు చెబుతున్నాయి, నువ్వు వెయ్యలేదని."

నిదానం మొహం చిన్నబోయింది. అందరూ వెళ్ళాక పదకొండు గూళ్ళకీ గడ్డి వేశాడు, నీళ్ళు పెట్టాడు, తలుపులు లాగి చూశాడు. మర్నాడు పొద్దున్నే రెండు జతల బట్టలు సంచీలో పెట్టుకుని, మూడు వీధుల అవతల లాండ్రీ షాపులో ఇస్త్రీ పనికి చేరాడు. షాపు వెనక గదిలోనే పడుకుంటానన్నాడు. గుమ్మంలో అక్క చెయ్యి పట్టుకుంటే, "నాలుగు చోట్ల పని సరిగ్గా చెయ్యలేదన్నారక్కా, నిజమే. ఇది సరిగ్గానే చేశాను," అని మాత్రం అన్నాడు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. భార్య వడ్డించేది, అడిగితే ఊ అనేది, లేకపోతే అదీ లేదు. కాంపౌండరు కూడా బింకంగానే ఉన్నాడు. తన మాటే నిజమని రుజువు చేసి, బామ్మర్ది చేత ఒప్పించి, ఆ తరవాత పెద్దమనసుతో క్షమించి తీసుకురావాలని ఆయన ప్రణాళిక. దొరగారిని మళ్ళీ దూదితోనే కలిపాడు. ఈసారి దూదిని షెడ్డు చివర విడి గూట్లో పెట్టి, ఇత్తడి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. గడ్డి పెట్టేందుకు తప్ప ఆ తలుపు తెరిచింది లేదు. ముప్పై ఒక్క రోజులు ఆగాలి.

ఆ ముప్పై ఒక్క రోజులూ కుందేళ్ళ పని ఆయన మీద పడింది. దాణాని మందుల త్రాసులో గ్రాములతో తూచి పెట్టాడు. అవి సగం తిని సగం తన్నేశాయి. ఒకటి వేలు కొరికింది. ఆసుపత్రికి రోజూ ఆలస్యమయ్యేవాడు. పదకొండు తలుపులూ వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, వేశానో లేదోనని మళ్ళీ వెనక్కి వచ్చేవాడు. మూడోసారి అలా వెనక్కి వచ్చినప్పుడు, బామ్మర్దికి ఇలా రావాల్సిన అవసరం ఒక్కసారి కూడా పడలేదని ఆయనకి తోచింది. ఆ ఆలోచన నచ్చక, గబగబా ఆసుపత్రికి వెళ్ళిపోయాడు.

దూది ఏడు పిల్లల్ని పెట్టింది. ఈసారి ఆయన పదో రోజు దాకా ఆగలేదు. మూడో రోజున తాళం తీసి, బొచ్చు పక్కకి జరిపి చూశాడు. నాలుగు పిల్లల చర్మం మసిబట్టినట్టు నల్లబడుతోంది. మూడు మాత్రం గులాబి రంగులో తేటగా ఉన్నాయి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. మూడే.

తాళం తనదే. తాళంచెవి తన మొలతాడుకే ఉంది. ఏ తలుపూ ఎవరూ మర్చిపోలేదు. గళ్ళు సరిగ్గానే చెప్పాయి, వాటికి తను ఇచ్చిన చుక్కే తప్పు. దొరగారు మొదట్నుంచీ చుక్కా సున్నానే. కాంపౌండరు పలక దగ్గరికి వెళ్ళి, రెండో చుక్కని బొటనవేలితో చెరిపాడు. దాని చోట సున్నా పెట్టాడు.

"మొదటిసారి ఆరు పుట్టాయి, గుర్తుందా?" అంది వెనక నుంచి భార్య. నెల రోజుల్లో ఆవిడ అన్న పొడుగాటి మాట అదే. "చచ్చిపోయిన ఆరోదాన్ని వాడే పాతిపెట్టాడు. మిగతావి నల్లబడుతుంటే అది మాత్రం గులాబి రంగులోనే ఉందట. నాతో చెప్పాడు."

"నాతో చెప్పలేదేం?"

"చెప్పబోయాడుగా, పోయినదాని సంగతి ఎందుకన్నారు. ఆ తరవాత మీరు రెండు చుక్కలూ పెట్టుకుని అంత సంబరపడుతుంటే ఎలా చెప్పను అక్కా అన్నాడు."

"మరి నేను అంత మాటన్న రోజునైనా చెప్పొచ్చుగా. పోనీ నువ్వు చెప్పొచ్చుగా."

"నేను చెబుతానంటే వద్దన్నాడు. తలుపు వేశానంటే నమ్మనివాడు, చచ్చిన పిల్ల గురించి చెబితే నమ్ముతాడా అన్నాడు," అంది ఆవిడ. ఆ మాటతో ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

కాంపౌండరు షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాడు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. లెక్క తప్పినందుకు కాదు, లెక్కలెవరివైనా తప్పుతాయి. ఆరేళ్ళుగా ఒక మనిషి రెండు వేళ్ళతో తలుపులు లాగి చూడడం రోజూ కళ్ళతో చూసి, ఆ చూసినదాన్ని వదిలేసి కాగితాన్ని నమ్మాడు. కాదు, కాగితాన్ని కూడా కాదు. అటెండరు ముందూ టైపు మాస్టారు ముందూ చులకనవుతానని భయపడ్డాడు, చేతికి దగ్గర్లో ఉన్నవాడి మీదకి తోసేశాడు. అంతకన్నా గొప్ప సంగతేమీ అక్కడ జరగలేదు.

ఆ రోజు ఆసుపత్రికి సెలవు చెప్పి లాండ్రీకి వెళ్ళాడు. షాపులో రద్దీగా ఉంది. కౌంటరు దగ్గర ఒకావిడ దుప్పట్లు లెక్కపెట్టి ఇస్తోంది, ఆవిడ వెనక ఇద్దరున్నారు. లోపల బల్ల దగ్గర నిదానం నర్సుల తెల్ల కోట్లు ఇస్త్రీ చేస్తున్నాడు. ఒక్కో కాలరునీ వేలితో సాపుచేసి, అప్పుడు పెట్టె నడుపుతున్నాడు. కాంపౌండరు వరసలో నిలబడ్డాడు. తన వంతు రాకముందే షాపు యజమాని ఆయన ఖాళీ చేతులు చూసి, "బట్టలేవండీ?" అన్నాడు.

"బట్టల్లేవండీ, మా బామ్మర్దితో మాట్లాడాలి," అన్నాడు కాంపౌండరు. తరవాత లోపలికి చూస్తూ, "దొరగారిలో ఒక సున్నా ఉందిరా," అన్నాడు.

నిదానం తలెత్తాడు. "ఎన్ని పిల్లలు బావా?"

"ఏడు. మూడు తెల్లవి. తాళం నేనే వేశాను, తాళంచెవి నా దగ్గరే ఉంది."

నిదానం ఇంకో కాలరు సాపుచేశాడు. దాని మీద పెట్టె నడిపాడు. అంతా అయ్యాక, "నేను తలుపు వెయ్యలేదని గళ్ళే చెప్పాయన్నావుగా," అన్నాడు.

"గళ్ళల్లో నీ ఊసెక్కడుందిరా. వాటికి నువ్వెవరో కూడా తెలీదు. ఆ మాట నేనే అన్నాను. డాక్టరమ్మ నవ్వితే తట్టుకోలేక నీ మీద పెట్టాను." ఆయన ఇటు తిరిగి యజమానితోనూ, దుప్పట్లావిడతోనూ, ఆవిడ వెనకున్న ఇద్దరితోనూ చెప్పాడు. "ఈయన మా బామ్మర్దండీ. ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా తలుపు వెయ్యడం మర్చిపోలేదు. మర్చిపోయాడని నేను నలుగురిలో అబద్ధం చెప్పాను. అందుకని నలుగురిలోనే చెబుతున్నాను."

"ఏ తలుపండీ?" అన్నాడు యజమాని, అయోమయంగా.

"కుందేళ్ళ గూటి తలుపు."

"అలాగా," అన్నాడు యజమాని. దుప్పట్లావిడ మాత్రం లెక్క మర్చిపోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

నిదానం కోటు మడతపెట్టాడు. అతనికి ఏం చెప్పాలో దొరకడానికి ఎప్పుడూ ఆలస్యమే. ఈసారి బావ తొందరపెట్టలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తెల్లవి పాలు తాగుతున్నాయా?" అని అడిగాడు నిదానం చివరికి.

"రెండు తాగుతున్నాయి. చిన్నదాన్ని మిగతావన్నీ తోసేస్తున్నాయి. పొట్ట లోపలికి పోయింది. ఇందాక విడిగా తల్లి దగ్గర పెట్టి చూశాను. నా చేతిలో వణికిపోతోంది గానీ నోరు పెట్టడం లేదు. నాకు చేతకావడం లేదురా."

నిదానం ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపేశాడు. వైరు చుట్టి, పెట్టెని నిలబెట్టి, వేడి ఎవరికీ తగలకుండా గోడవైపు తిప్పాడు. "ఒక గంటలో వచ్చి మిగతా కోట్లు పూర్తిచేస్తానండీ," అని యజమానితో అన్నాడు.

"ఇంత రద్దీలో ఎక్కడికయ్యా?"

"ఇంటికి," అన్నాడు నిదానం.

కాంపౌండరుకి కళ్ళు నిండిపోయాయి. ఆ మాట మళ్ళీ వింటానని ఆయన అనుకోలేదు. నలుగురూ చూస్తారని మొహం పక్కకి తిప్పుకుని, అరల్లో పేర్చిన బట్టల కట్టలకేసి చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడేవాడో గానీ, పన్నెండేళ్ళుగా గళ్ళు గీసిన ఆ చేతిని బామ్మర్ది వచ్చి పట్టుకున్నాడు.

"తొందరగా పద బావా, దానికి ఆకలేస్తూ ఉంటుంది," అన్నాడు.